చించని కార్డు

మా వైపు చావు కబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చించేయాలి. గడప లోపలికి తేకూడదు. వాకిట్లోనే నిలబడి చదివి, నాలుగు ముక్కలు చేసి వీధిలోకి విసిరి, తలమీద నీళ్ళు పోసుకుని ఇంట్లోకి రావాలి. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే పోయిన నెల పుంగనూరులో మా చిన్నమ్మ రేకుపెట్టె తెరిచినప్పుడు, రెండు పట్టుచీరల నడుమ అలాంటి కార్డు ఒకటి నలగకుండా దొరికింది. నాలుగు మూలలా నల్లసిరా పూసి ఉంది. పైన ‘అశుభం’ అని ఉంది. చేతిరాత నాది. రాత బాగుంది. ఆ రోజుల్లో నా రాతను చాలామంది మెచ్చుకునేవాళ్ళు, ముఖ్యంగా చావు కార్డుల్లో.

చిన్నమ్మ పోయిన కబురు మాత్రం నాకు ఫోన్లో వచ్చింది. కిందనే బంధువులంతా వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకాయన పొరపాటున పుట్టినరోజు కేకు బొమ్మ పెట్టి, తర్వాత తీసేశాడు. చించడానికి ఏమీ లేదు. ఫోను పక్కన పెట్టి, ఇక ఏం చేయాలో తోచక, తలమీద నీళ్ళు పోసుకున్నాను.

మాది వి.కోట పక్కన పల్లె. కాలేజీ చదువు కోసం మదనపల్లెకు వచ్చి, మగ్గాల వీధిలో చిన్నమ్మ ఇంట్లో దిగాను. ఆమె మా అమ్మకు చెల్లెలు, పేరు రత్నమ్మ. ఆమె మొగుడు కిష్టప్ప నాకు చిన్నాయన. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ లోటు తీర్చడానికన్నట్టు ఇంట్లో సగం చోటు మగ్గమే ఆక్రమించుకుంది. తెల్లారేసరికి వీధంతా పట్టు ఉడకబెట్టే సబ్బునీళ్ళ వాసన, పడుగుకు పట్టించే గంజి వాసన, ఆ రెంటినీ జయించి చిన్నమ్మ రోట్లో నూరే చెనిక్కాయల చట్నీ, మా మాటలో ఊరిమిండి, వాసన. చిన్నాయన మగ్గం గుంతలోకి కాళ్ళు దించి కూర్చునే ముందు చెప్పులు వాకిట్లో విడిచి, వంగి, ముక్కులు వీధివైపు తిరిగేలా జత కలిపి పెట్టేవాడు. ఎప్పుడు లేచినా నేరుగా కాళ్ళు దూర్చి నడిచిపోవడానికట. ఆ మనిషి సంతకు తప్ప యాడికీ పోయేవాడు కాదు. కానీ చెప్పులు మాత్రం ఎప్పుడూ ప్రయాణానికి సిద్ధంగా ఉండేవి.

ఆయన నేస్తుంటే పక్కన అరుగుమీద కూర్చుని పేపరు చదివి వినిపించడం నా పని. నా చదువుకు ఆ ఇంట్లో కనిపించిన ఉపయోగం అదొక్కటే. ఎమర్జెన్సీ వచ్చిన కొత్తలో ఒకరోజు పేపర్లో సగం పుట తెల్లగా వచ్చింది. చదవడానికి ఏమీ లేదని చెప్పాను. చిన్నాయన మగ్గం ఆపి, ఆ తెల్లచోటు వైపు కాసేపు చూశాడు. “ఆడ మాత్రం నిజం ఉండాది సూడు సీనా,” అన్నాడు. మళ్ళీ పడుగు పోగుల నడుమ నాడె విసిరాడు. ఆయన రాజకీయ ఉపన్యాసాల్లో అన్నిటికన్నా పొడుగైనది అదే.

మా వీధికి ప్రభుత్వం నడిచి రాలేదు, జీపులో వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు ఊరికింత అని లెక్క పెట్టారట. ఆ లెక్క నింపే బాధ్యత మోసేవాళ్ళకు మనిషి వయసు, పెళ్ళి, పిల్లలు ఇవన్నీ అనవసరమైన వివరాలు. మొదట పట్టుకుపోయింది పక్కింటి ముసలాయనను. అరవై దాటిన మనిషి, పెళ్ళాం పోయి పదేళ్ళు. “ఈయనకింక పుట్టేదేముండాదప్పా, పోయేది తప్ప!” అని చిన్నమ్మ జీపు వెనకాల అరిచింది. ఆమె చెప్పిందే జరిగింది. వారం తిరక్కుండా పుండు చీము పట్టి ఆ ముసలాయన పోయాడు. ఆయన మగ్గం మీద మూరెడు చీర మిగిలిపోయింది. దాన్ని చిన్నాయన కూర్చుని పూర్తిచేశాడు. ఆ మూడు రోజులూ నన్ను పేపరు చదవమని అడగలేదు.

అప్పుడు మొదలైంది. పార్టీ కాదు, సంఘం కాదు, పేరు కూడా లేదు. చిన్నాయన ఇంటింటికీ తిరిగి చెప్పింది ఒకటే: జీపు వీధి మొదట్లో కనబడగానే మొదటి ఇంటివాళ్ళు మగ్గం ఆపేయాలి. అది విని రెండో ఇల్లు, దాన్ని విని మూడో ఇల్లు. పగలంతా వానలాగా కురిసే మగ్గాల చప్పుడు ఈ కొసనుంచి ఆ కొసకు ఆరిపోతూ పోతే, చివరి ఇళ్ళ మగవాళ్ళు వెనక వాకిళ్ళనుంచి చెనిక్కాయ చేలల్లోకి దిగిపోవచ్చు. అరుపు లేదు, గంట లేదు. చప్పుడు చేశారని కేసు పెట్టొచ్చుగానీ, చప్పుడు మానేశారని ఏం కేసు పెడతారు? రెండుసార్లు జీపు ఖాళీగా వెనక్కి పోయింది. మూడోసారి వచ్చినవాళ్ళు ఈ నిశ్శబ్దం ఎవరి ఆలోచన అని అడిగారు. ఎవరో చెప్పారు. చెప్పినవాళ్ళ వీపులు నేను చూశాను కాబట్టి వాళ్ళను ఏమీ అనను.

చిన్నాయన కుప్పం పారిపోయాడు. పారిపోవడానికి కుప్పం లాంటి ఊరు లేదు. ఒక అడుగు అటు వేస్తే తమిళం, ఇటు వేస్తే కన్నడం, నిలబడ్డ చోట తెలుగు. మూడు రాష్ట్రాల పోలీసులు మాట్లాడుకునేలోగా మనిషి ముసలివాడైపోతాడు. అక్కడ మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్న దస్తగిరి సాహెబు చిన్నాయనకు పాత స్నేహితుడు. ఈయన చీరలకు పట్టు అక్కడినుంచే వచ్చేది. పురుగుల షెడ్డులోకి పరాయివాళ్ళను రానివ్వరు. పురుగులకు జబ్బు తగులుతుందని భయం, దిష్టి తగులుతుందని అంతకన్నా భయం. చెప్పులు బయట విడిచి, కాళ్ళు సున్నపునీళ్ళలో ముంచి ఇంటివాళ్ళే లోపలికి పోతారు. కానిస్టేబులు తొంగిచూడబోతే దస్తగిరి అడ్డం నిలబడి “నక్కో సార్, వద్దు, పురుగులు సస్తాయి,” అనేవాడట. అంత పెద్ద సర్కారు ఆ చిన్న పురుగుల మాట విని వెనక్కి తిరిగేది. చీరలు నేసే మనిషి చివరికి చీరలు పుట్టే చోటనే దాక్కున్నాడు.

చిన్నమ్మ మదనపల్లె ఇంటికి తాళం పెట్టి పుంగనూరులో అవ్వ దగ్గరికి, అంటే తన తల్లి ఇంటికి, చేరింది. నేను హాస్టలుకు మారాను. జీపులు పుంగనూరు, కుప్పం వైపు కూడా తిరగసాగాయి. మూడు ఊళ్ళ మగ్గాలవాళ్ళూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలంటే దారి లేదు. ఐదుగురు కలిసి నిలబడితే నేరం. అప్పుడు చిన్నాయన నుంచి కబురొచ్చింది: “సీనాతో ఎవర్నైనా సంపించండి.”

సంగతి ఏమిటంటే, పక్కింటి ముసలాయన దినాలకు రెండువందల మంది వచ్చారు. వీధి చివర కాపలా ఉన్న కానిస్టేబులు టోపీ తీసి చంకలో పెట్టుకుని తల దించుకుని నిలబడ్డాడు. చిన్నాయన అది మరిచిపోలేదు. సర్కారుకు బతికున్న ఐదుగురంటే భయం గానీ, చచ్చినవాడి చుట్టూ ఎంతమంది చేరినా అభ్యంతరం లేదు. కాబట్టి నేను చంపడం మొదలుపెట్టాను. నా చేతిలో మొదట పోయింది పెద్దతాత వెంకటరమణప్ప, పుంగనూరులో. ఆయన ఎప్పుడూ పుట్టలేదు కాబట్టి పెద్దగా బాధపడి ఉండడు. కార్డులో ఎక్కువ మాటలుండవు. ‘అశుభం. ఫలానావారు కాలధర్మము చెందినారు. పదకొండవ దినము ఫలానా చోట జరుగును. తామందరూ రావలెను.’ నాలుగు మూలలా సిరా. ముప్పై కార్డులు రాసి పోస్టులో వేశాను.

అంతకన్నా భద్రమైన కరపత్రం ఈ దేశంలో మరొకటి తయారు కాలేదని నా నమ్మకం. పుంగనూరు పోస్టాఫీసులో హెడ్ కానిస్టేబులు కూర్చుని ఉత్తరాలన్నీ విప్పి చదివేవాడు. చావు కార్డు కనబడితే మాత్రం మూల పట్టుకుని దూరంగా ఎత్తి, “రేయ్, ముందు దీన్ని తీసకపోయి ఇచ్చిరా, ఈడ పెట్టొద్దు!” అని పోస్టుమేనును తరిమేవాడు. ఇక అందుకున్నవాళ్ళు చదివి, ఆచారం ప్రకారం చించి పారేసేవాళ్ళు. సాక్ష్యాన్ని మా తాతముత్తాతలే తుడిచేసి పెట్టారు. ఎన్ని ఇళ్ళు సోదా చేసినా ఒక్క ముక్క దొరకలేదు.

అవ్వకు మాత్రం ఇది నచ్చలేదు. చదువు రాదు గనక ప్రతి కార్డూ చదివించుకునేది. లేని మనిషని తెలుసు. అయినా కార్డు చించి, తలమీద నీళ్ళు పోసుకుని, ఆ పూట సంగటి ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చునేది.

“యాల అవ్వా? ఆయన లేడు గదా,” అన్నాను.

“సావు అని రాసినాక సావేరా. ఎవరో ఒకరి ఇంటికి పోతాది అది. రాసినోనికి తెలీదు, యాడికి పోతాదో.”

“ఈ కాలంలో అన్నీ సెన్సారైనాకనే పోతాయిలే అవ్వా.”

ఆమె నవ్వలేదు. నా జోకులకు అవ్వ నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

వెంకటరమణప్ప దినాలకు నలభై మంది వచ్చారు. మంగలి వచ్చాడు, పిండం పెట్టారు. లేని మనిషి పిండాన్ని కాకి పెట్టీ పెట్టకముందే వచ్చి ముట్టింది. అందరూ చేతులు జోడించారు, కొందరు అలవాటు కొద్దీ ఏడ్చారు. తర్వాత విస్తళ్ళ ముందు కూర్చుని జీపులు ఏ దారిన వస్తున్నాయో, ఎవరికి పట్టు ఇచ్చే సర్కారు కార్డు ఆపేశారో మాట్లాడుకున్నారు. వంటవాడి వేషంలో వచ్చి అన్నం వడ్డించే చిన్నాయన మాసిన తలపాగా కిందినుంచి చిన్నమ్మవైపు చూసేవాడు. అందుకోసమే ఆమె వచ్చేది. ఎన్నో రోజులకొకసారి, ఎవరో లేని తాత చచ్చిన పుణ్యాన, ఆమెకు మొగుడు కనబడేవాడు. ఆమె తెచ్చిన మూట అందుకుని విప్పి, అందులో ఏముందో చూసి, ఏదో ఒకటి ఎగతాళిగా అనేవాడు. అంతే. ఆ మాట చాలన్నట్టు సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె తనలో తాను నవ్వుకుంటూ వచ్చేది.

మదనపల్లెలో రెండో తాతను, కుప్పంలో దస్తగిరి తోటలో మూడో తాతను చంపాను. మూడో కార్డుకు వచ్చేసరికి నాలో రచయిత నిద్ర లేచాడు. హెడ్డు అనుమానపడుతున్నాడని విని, కార్డు చివర ‘ఇది మాకు నమ్మశక్యము కాకున్నను నిజము’ అని చేర్చాను. చిన్నాయన అది చదివి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ మధ్యాహ్నం చింతచెట్టు నీడలో విస్తళ్ళు తీసేస్తుండగా ఆయనే అన్నాడు:

“తాతలు అయిపోయినారు సీనా. ఇంక నమ్మరు. ఈసారి నన్ను సంపేయ్. ఎతకడం కూడా మానేస్తారు.”

నలుగురూ నవ్వారు. మంచి ఆలోచనే అన్నారు. చిన్నమ్మ చెయ్యి తుడుచుకుంటూ లేచింది.

“నీ నోట్లో మన్ను బడ! అదేం మాటయ్యా?”

“కార్డులోనే గదే సచ్చేది, ఒంటితో కాదు.”

“ఈ అబ్బోడు రాయనీ సూస్తా. తలనిండా కనకాంబరాలు పెట్టుకోనొస్తా నీ దినాలకు. అప్పుడు నీ హెడ్డు ఏమనుకుంటాడో అనుకోనీ.”

“అదీ బాగుంటాది. నాకు గూడా రెండు మూరలు తే,” అన్నాడు చిన్నాయన. అక్కడున్న ముప్పై మందీ విన్నారు. తర్వాతి కార్డు ఎవరి పేరుతో వస్తుందో మూడు ఊళ్ళకూ ముందే తెలిసిపోయింది.

కొద్ది రోజులకు హాస్టలు సోదా చేశారు. నా గదిలో వాళ్ళకు దొరికింది ఒక సిరాబుడ్డి. అది చాలు అనుకున్నారో ఏమో, నా కోసం వెతికారు. నేను కుప్పం చేరి చిన్నాయనతో పాటు పురుగుల షెడ్డులో పడ్డాను. ఆ షెడ్డును నేనింకా వింటూ ఉంటాను. వేల పురుగులు ఒకేసారి ఆకు తింటుంటే సన్నటి వాన కురుస్తున్నట్టు ఉంటుంది. చిన్నాయన వెదురు తట్టల నడుమ పడుకుని, “మన వీధిలో మగ్గాల మాదిరి ఉండాది గదరా,” అనేవాడు. ఆకు అయిపోతే ఆ చప్పుడు ఆగేది. ఆగగానే ఆయన లేచి కూర్చునేవాడు. అలవాటు.

జ్వరం వచ్చింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. నాలుగోరోజు ఆయన పురుగులకు ఆకు వెయ్యడానికి లేవలేకపోయాడు. దస్తగిరి ఎవరో నాటువైద్యుడి దగ్గర మందు తెచ్చాడు. ఆరోరోజుకు కళ్ళు పచ్చబడ్డాయి.

“ఆస్పత్రికి పోదాం పా భాయ్,” అన్నాడు దస్తగిరి. “ఎద్దులబండి కట్టిస్తా.”

“ఆడ పేరడుగుతారు. పేరు జెప్తే నీ ఇల్లు, నీ పిల్లోళ్ళు, ఈ సీనాగాడు, ఆ ముప్పై మందీ, అందరూ పోలీసు బండెక్కల్లా. నక్కో.” సాహెబు మాటను సాహెబుకే అప్పజెప్పి, తానే నవ్వాడు.

నేనేమన్నానో మీకు తెలియాలి. నేనేమీ అనలేదు. ‘పోదాం చిన్నాయనా’ అనే మాట నా నోటిదాకా వచ్చింది. బండెక్కవలసిన వాళ్ళలో నా పేరు కూడా ఉంది కాబట్టి అక్కడే ఆగింది. తొమ్మిదోరోజు మధ్యాహ్నం, దస్తగిరి పురుగులకు ఆకు వేస్తుండగా, ఆ వాన చప్పుడులోనే ఆయన పోయాడు. పొద్దు గూకకముందే తోట వెనక మట్టి చేశాము. ఉన్నది నేను, దస్తగిరి, ఇద్దరు కూలివాళ్ళు. జనాన్ని పోగుచేయడానికి మూడుసార్లు చావును వాడుకున్న మనిషిని నలుగురమే మోశాము.

మరుసటి రోజు కార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. టెలిగ్రాం ఇస్తే అది ముందు హెడ్డు చేతికే పోతుంది. దస్తగిరికి తెలుగు రాయడం రాదు. కూలివాళ్ళకు ఏదీ రాదు. నా చెయ్యి ఒకటే ఉంది. ‘అశుభం’ అని రాసి ఆగిపోయాను. ఇది నిజమని ఎలా రాయాలి? ‘నిజము’ అని రాద్దామంటే మూడో తాతకు రాసేశాను. ‘నమ్మండి’ అంటే మరీ నమ్మరు. ఏ మాట చేర్చినా నా తెలివే కనబడుతుంది. నిజం చెప్పడానికి కావలసిన మాటలన్నీ అప్పటికే అబద్ధాలకు ఖర్చు చేసేశాను.

“నువ్వు పోయి చెప్పిరా బేటా,” అన్నాడు దస్తగిరి. “అమ్మకు కార్డు ఏంది?”

వి.కోట మీదుగా పుంగనూరుకు పూటలో చేర్చే బస్సు ఉంది. పోతే బస్టాండులో పట్టుకుంటారని చెప్పాను. అది అబద్ధం కాదు. పట్టుకోకపోతే ఆమె ముందు నిలబడి నోటితో చెప్పాలి, అదీ అబద్ధం కాదు. రెండింటిలో నేను దేనికి ఎక్కువ భయపడ్డానో ఇన్నేళ్ళు గడిచినా తేల్చుకోలేదు. చివరికి, ఆమెకు అర్థమవుతుందిలే అనుకుని, ఎప్పటి మాటలే రాశాను. మూలలకు సిరా పూశాను. అలవాటుగా రాత గుండ్రంగా, అందంగా వచ్చింది. కనీసం చెయ్యైనా వణికించి ఉండవలసింది.

ఆ కార్డు పుంగనూరు చేరినప్పటి సంగతి తర్వాత పక్కింటివాళ్ళు చెప్పారు. చిన్నమ్మ వాకిట్లో చదివి పకపకా నవ్విందట. “అమ్మా, నీ అల్లుడు సచ్చిపోయినాడంట, శుక్రవారం దినాలంట,” అందట. అవ్వ లేచి, “సించెయ్యే ముందు,” అంది. “ఉండనీమ్మా, నాకు పనుండాది దీంతో,” అని చిన్నమ్మ దాన్ని రవికలో దోపుకుంది. అవ్వ తలమీద నీళ్ళు పోసుకుని, సంగటి ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. ప్రతి కార్డుకూ అలాగే చేస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ ముసలామె ఒక్కతే నమ్మింది. మూడు ఊళ్ళలో నా రాతను నమ్మిన మనిషి, చదువు రాని ఆవిడ.

శుక్రవారం పది గంటల బస్సుకు వచ్చారు. ముందు దిగినవాళ్ళు ఆకువక్క నములుతూ, “ఏమప్పా సీనా, ఆఖరికి పెద్దాయన్నే ఏసేసినావే!” అని నా వీపు చరిచారు. నేను నవ్వానో, ఏడ్చానో, నా ముఖం ఏ ఆకారంలో ఉందో తెలియదు. చరిచిన చెయ్యి మాత్రం నా వీపుమీద అట్లాగే ఆగిపోయింది. వెనకనే చిన్నమ్మ దిగింది. కొత్త చీర, చేతినిండా గాజులు, తలనిండా కనకాంబరాలు, చంకలో మూట. నన్ను చూసి, “అన్నట్టే వచ్చినా సూడు,” అంది.

నేను తోటదాకా ఆమె పక్కన నడిచాను. రెండు ఫర్లాంగులు. అంత దూరంలో ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. ఆమె మాట్లాడుతూనే ఉంది. దారిలో వి.కోటలో వాన, అవ్వ చాదస్తం, మూటలో ఏమేం ఉన్నాయో. షెడ్డు ముందుకు రాగానే ఆగింది. వాకిట్లో చిన్నాయన చెప్పులు ఉన్నాయి. ముక్కులు బయటివైపుకు, జత కలిపి. ఆఖరిసారి లోపలికి పోతూ ఆయన పెట్టినవి. ఎవరికీ వాటిని తీయబుద్ధి కాలేదు.

ఆమె ముఖం విప్పారింది. “ఏమయ్యో! సచ్చినోడివి ఎంతసేపు పండుకుంటావ్? లేసి రా, జనం వచ్చేసినారు.”

లోపల పురుగులు ఆకు తింటున్నాయి. ఆమె చెప్పులు విడిచి, ఆ జత పక్కనే పెట్టి, గడపలో అడుగు పెట్టబోయింది. దస్తగిరి వచ్చి అడ్డం నిలబడ్డాడు.

“నక్కో అమ్మా.”

“నేను పరాయిదాన్నా సాయిబూ? కాళ్ళు కడుక్కోనే పోతా.”

ఆయన నెత్తిమీది టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. దస్తగిరి తల మామూలుగా ఎవరికీ కనబడదు. ఆమె ఆ బట్టతల వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది. ఆమె మూట నేలమీద దించి, చాలా నిదానంగా, తలలోంచి కనకాంబరాలు తానే తీసి, ఆ మూటమీద పెట్టింది. అప్పుడు నా వెనక ముప్పై మందిలో ఎవరో మొదట ఏడ్చారు.

ఆరోజు కాకి చాలాసేపు రాలేదు. వచ్చాక అందరూ భోంచేశారు. భోంచేశాక, ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, జీపుల సంగతి మాట్లాడుకున్నారు. మాట్లాడకపోతే ఆయన దేనికి పోయినట్టు? ఇకనుంచి ఒక వీధిలో మగ్గాలాగితే మూడు ఊళ్ళలోనూ ఆపాలని అక్కడే తేల్చారు. ఆపారు కూడా. ఒక వారమంతా మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పం పక్క పల్లెల్లో ఒక్క మగ్గం ఆడలేదు. ఆ నిశ్శబ్దం పై ఆఫీసులకు వినబడిందో, లెక్క ఇంకెక్కడో నిండిందో, మా వీధులకు జీపులు రావడం తగ్గింది. మేము గెలిచామని చెప్పుకోవచ్చు. కొందరు చెప్పుకున్నారు.

నన్ను తర్వాత నెలలో పట్టుకున్నారు. ఆ సంగతులు ఇక్కడ చెప్పదగ్గవి కావు, పెద్దవీ కావు. హెడ్డు మాత్రం చివరికి నా చావు కార్డుల రహస్యం పట్టేశాడు. పట్టేశాడు కాబట్టి చిన్నాయన చావును నమ్మలేదు. ఎలక్షన్లు వచ్చేదాకా వారానికొకసారి పుంగనూరు ఇంటికి వచ్చి, బొట్టు లేని చిన్నమ్మను నిలబెట్టి, “ఈ ఏషాలు నాకు జూపించొద్దు. యాడుండాడు నీ మొగుడు?” అని అడిగేవాడు. ఆమె ప్రతిసారీ, “కుప్పంలో ఉండాడు సార్,” అనేది. ప్రతిసారీ వాళ్ళు కుప్పం పోయి వెతికేవాళ్ళు. ఎలక్షన్ల తర్వాత జైళ్ళు తెరిచినప్పుడు దండలు వేయించుకున్నవాళ్ళ జాబితాలో ఆయన పేరు లేదు. ఆయన్ను ఎవరూ పట్టుకోలేదు గదా.

ఎనభైల్లో ఆమెకు వితంతు పింఛను కోసం నేను దరఖాస్తు రాశాను. ఆఫీసులో చావుకు రుజువు అడిగారు. రుజువు లేదు. పేరు చెప్పకుండా చచ్చినవాడికి కాగితం ఎవరిస్తారు? “ఇంట్లో ఏమైనా కాగితం ఉందా చిన్నమ్మా?” అని అడిగాను. లేదంది. ఆరోజు బస్టాండులో కూర్చుని ఉండగా, అంతవరకూ అనలేని మాట అనడానికి నోరు తెరిచాను. ఆనాడు నేనే వచ్చి ఉండాల్సింది అన్నాను. ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుని, వచ్చే బస్సు బోర్డు చదువుతున్నట్టు అటే చూస్తూ అంది:

“పోనీలేరా. ఆ కార్డు వచ్చినప్పట్నుంచీ శుక్రవారం దాకా నేనెంత సంతోసంగా ఉంటినో నీకు తెలీదు. నువ్వు నమ్మేట్టు రాసింటే, ఆ రోజులూ లేకపోవును.”

ఇది క్షమించడమో, శిక్షించడమో నాకు తెలియదు. ఆ తర్వాత నేనెవరికీ చావు కార్డు రాయలేదు. ఇప్పుడు రాయవలసిన పనీ లేదు. మా మగ్గాల వీధిలో ఇవాళ టమోటా లారీలు ఆగుతున్నాయి. మిగిలిన రెండు మగ్గాలు ఆగినా ఎవరికీ వినబడదు. జనాన్ని పోగుచేయడం ఇప్పుడు తేలిక, ఒక వేలు చాలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ఫోన్లో వందమంది కోప్పడతారు, వందమంది సంతాపపడతారు. చదివి చించేయవలసినంత బరువు దేనికీ లేదు. కబుర్లు అన్నీ ఎక్కడో భద్రంగా ఉంటాయట, ఏ హెడ్డు కావాలన్నా చూసుకోవచ్చునట. ఏది నిజమో, ఏది మాలాంటి వాళ్ళ పనితనమో తెలియక అందరూ అన్నిటికీ చేతులు జోడించిన బొమ్మ పెట్టేస్తారు. ఆ విద్యలో మొదటి తరం వాణ్ణి గనక నేను ఎవరినీ తప్పు పట్టను.

రేకుపెట్టెలో దొరికిన కార్డును పుంగనూరు ఇంటి వాకిట్లో నిలబడే చదివాను. ఇటువైపు నా రాత, అందంగా, గుండ్రంగా. అటువైపు అడ్రసు పక్కన మిగిలిన కొంచెం చోటులో పెన్సిలుతో, ఐదో క్లాసు అక్షరాలు, కిందికి జారిపోతూ ఉన్నాయి. ఏం పనుండాదని చిన్నమ్మ ఆ కార్డు చించకుండా దోపుకుందో అప్పుడు అర్థమైంది. ఇంట్లో వేరే కాగితం లేదు కాబోలు.

‘పంచ కొత్తది. చేతుల చొక్కాయి. చెనిక్కాయల పొడి. ఊరిమిండి కారం తక్కవ. తలకు నూన. బ్లేడు. చెప్పులకు వారు. కనకాంబరాలు నాకు. ఆయనకు రెండు మూరలు.’

చదివిన వెంటనే చించేయాలని అవ్వ చెప్పింది. నేనింకా చదువుతూనే ఉన్నాను.